రేవులో మిగులు మనిషి

మొగలిలంక రేవులో పంతొమ్మిది మంది పడవెక్కారనీ, అవతలి గట్టున ఇరవై మంది దిగారనీ యంత్రం చెప్పిన రోజున అందరికంటే ముందు నవ్వినవాణ్ణి నేనే. నవ్వి ఊరుకున్నా బాగుండేది. నోరు ఊరుకోదు కదా.

"ఇందులో వింతేముంది ఇంజినీరు బాబూ! గోదారి మనుషుల్ని తీసుకోవడమే అనుకున్నారా? అప్పుడప్పుడూ ఒకణ్ణి ఇస్తుంది కూడానూ" అన్నాను.

ఇంజినీరు పేరు భార్గవ. రాజమండ్రి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. నదీ రక్షణ పరిశోధనశాల వాళ్ళు యంత్రంతోపాటు అతన్ని కూడా మా ఇసకలో పాతిపెట్టి పోయారు. కాగితాల మీంచి తలెత్తి, "ఇస్తుందా?" అన్నాడు.

"నా పదహారో ఏట, వరదలో, సరిగ్గా నడి ఏట్లో మా పడవలో ఒకడు కూర్చుని ఉన్నాడండీ. ఎక్కగా చూసినవాడు లేడు. కట్టుకున్న పంచె పొడిగా ఉంది. చుట్ట అడిగాడు, ఇచ్చాను. పీల్చాడు గానీ పొగ బయటికి రాలేదు. అవతల దిగి నడిచిపోతుంటే అడుగు పడ్డ చోటల్లా పొడి ఇసకలో నీరూరింది. కావాలంటే..."

"కావాలంటే ఎవర్ని అడగాలి?"

"ఆళ్ళెవరూ ఇప్పుడు లేరు కదండీ" అన్నాను. నా కథల్లో సాక్షులంతా ముందే పోతారు. అదొక సదుపాయం.

పడవ నడిపే నూకరత్నం గెడ ఇసకలో గుచ్చి నడుం మీద చెయ్యేసుకుంది. "గవరయ్య తాత కోతలు ఇంటా కూకున్నారంటే మీ యంత్రానికి మతిపోద్దండి బాబూ. నేను దగ్గరుండి లెక్కెట్టి ఎక్కించాను. ఇరవై మంది. ఆయ్, ఇరవై!"

భార్గవ నవ్వలేదు. "నేనూ నిలబడి తలలు లెక్కపెట్టాను. ఇరవయ్యే. యంత్రానికి మాత్రం పంతొమ్మిది. ఇవాళే కాదు, వారం రోజులుగా ప్రతి దాటింపులోనూ ఒకటి తక్కువ." కాగితాలు మడిచి మెల్లిగా అన్నాడు. "మీలో ఎవరో ఒకరు దానికి ఆనడం లేదు."

రేవులో ఉన్నవాళ్ళందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పటిదాకా పక్కపక్కన నిలబడ్డవాళ్ళ మధ్య జానెడు ఖాళీ వచ్చింది.

ఆ చుట్టవాడి కథ నేను అక్కడికక్కడే అల్లింది. రెండు రోజుల తర్వాత అది నా దగ్గరికే తిరిగొచ్చింది. అప్పటికి నదిలోంచి వచ్చే మనిషి ఎప్పుడో ఒకసారి కాదు, రోజూ వస్తున్నాడు. మగాడే కానక్కర్లేదు కూడా.

*

ఆ యంత్రం సంగతి నాకు అర్థమైనంత మేరకు చెప్తాను. ఎగువన ఏదో రేవులో కిక్కిరిసిన పడవ తిరగబడి పదిహేడు మంది పోయాక దాన్ని తయారుచేశారట. అవతలి గట్టున సిమెంటు మెట్లున్నాయి కాబట్టి వాటిమీద పలకలు పరిచారు. అడుగు పడితే చాలు, ఆ అడుగు ఎవరిదో, పేరేమిటో పలక చెప్పేస్తుంది. ఆ మనిషి పొద్దున్న ఆవకాయ తిన్నాడో మాగాయ తిన్నాడో కూడా చెప్తుందని నేను ఊళ్ళో చెప్పాను. కొందరు ఆ రోజు నుంచి చద్దన్నంలో పెరుగే వేసుకుంటున్నారు.

మా గట్టున అంతా ఇసక. ఏటా వరదకి గట్టే చోటు మారుస్తుంటే పలకలేం నిలుస్తాయి? అందుకని ఇటుపక్క పాకలో ఒక ఇత్తడి చెవి పెట్టారు. నూకరత్నం ఒక్కొక్కరినీ ఎక్కిస్తూ బిగ్గరగా లెక్క చెబుతుందా, ఆ చెవి వింటుంది. విన్న గొంతును దాచుకోకూడదని చట్టం. మాటను రాతలోకి మార్చుకుని గొంతును పారేస్తుంది.

మొదట్లో ఒకసారి భార్గవ నన్ను పాకలోకి పిలిచి, "ఏదో ఒకటి అనండి తాతగారూ" అన్నాడు.

"ఇరవై" అన్నాను. తెర మీద 'సంఖ్య' అని పడింది.

"భోంచేశారా బాబూ?" అన్నాను. 'మాట' అని పడింది.

"ఔను" అంటే 'అవును-కాదు' అనీ, "పొద్దున్న తొమ్మిదింటికి" అంటే 'కాలం' అనీ పడింది. నాకు సరదా పుట్టి ఏమీ అనకుండా నోరు తెరిచి నిలబడ్డాను. 'ఖాళీ' అని పడింది.

"అయిదు గోతాలన్నమాట. జరిగిన ప్రతిదాన్నీ ఏదో ఒక గోతంలో పడేస్తుంది" అన్నాను.

"సరిగ్గా చెప్పారు. గోతం మారకూడదు. సంఖ్యల గోతంలోదే కూడడానికి పనికొస్తుంది. మాటల గోతంలో పడ్డదాన్ని లెక్కలోకి తీసుకోదు."

"ఖాళీ అంటే సున్నాయేనా?"

"కాదు తాతగారూ. కుండలో నీళ్ళు లేకపోతే సున్నా. అసలు కుండే లేకపోతే ఖాళీ."

దాన్ని నడిపించే సూత్రాలు కూడా చూపించాడు. నాలాంటివాడు కూడా కూడబలుక్కుని చదవగలిగేటంత చిన్నవి. పిలుపు సంఖ్య అయితే ఎక్కినవారికి ఒకటి కలుపు. ఎక్కినవారు ఇరవై దాటితే ఇంజను కదలనివ్వకు. దిగినవారు ఎక్కినవారిని మించితే గేటు ముయ్యి. ఇందులో ఒకటి, ఇరవై అన్నవి మనం చేత్తో రాసిపెట్టినవి, బండ మీద చెక్కినట్టు, అవి మారవు. మిగతావన్నీ రేవులో జరిగేదాన్ని బట్టి మారతాయి. అంతే. నాకు బాగానే ఉందనిపించింది. చదివిన నాకే బాగానే ఉందనిపిస్తే ఇంక ఎవర్నేమంటాను?

*

అవతలి మెట్ల పైనున్న గేటు నిజంగా ముయ్యమని పై ఆఫీసు నుంచి ఆ సోమవారమే ఉత్తర్వు వచ్చింది.

పంతొమ్మిది మంది దిగాక ఇంకో అడుగు పడగానే గేటు పడిపోయేది. ఇరవయ్యో మనిషి లోపలే. ఆ మనిషి పేరు పక్కన 'మిగులు' అని పడేది. ఆఫీసరు తీరిగ్గా వచ్చి, నువ్వెవరు, ఎక్కడ ఎక్కావు, ఎవరు ఎక్కించారు అని రాసుకుని వదిలేసరికి రెండు మూడు గంటలు. మూడుసార్లు మిగిలితే ఇక ఆ పేరు చోట 'ఖాళీ' అని పడుతుంది. ఆపైన ఆ అడుగుకి గేటు తెరుచుకోదు.

ఇది తెలిశాక మా లంకవాళ్ళు పడవలో కూర్చోవడం మానేశారు. అవతలి గట్టు కనబడగానే లేచి ముందుకి తోసుకోవడమే. పడవ ముక్కు నీళ్ళలోకి వంగిపోయేది. "ఓలమ్మో, కూకోండి! ముంచేత్తారేటి నన్ను!" అని నూకరత్నం అరిచినా ఎవరూ వినేవారు కాదు. మునిగి చావడానికైనా సిద్ధమే గానీ చివర దిగడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

చివర దిగేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు. తోసుకోలేనివాళ్ళు. నా భార్య పేరంటాలుకి మూత్రపిండాలు పాడై రెండేళ్ళయింది. మంగళవారం, శుక్రవారం అవతలి ఊరి ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. రక్తాన్ని బయటికి లాగి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తారు. కాళ్ళు నీరుపట్టి ఉంటాయి. ఆవిడ లేచేసరికే పడవ ఖాళీ అవుతుంది. నేను చెయ్యి పట్టుకుని దింపుతానా, నా వెనక ఆవిడ అడుగు పడగానే గేటు పడేది. నేను వెనకా ఆవిడ ముందూ దిగుదామని ఒకసారి చూశాను. ఆ మెట్టు ఆవిడ ఒంటరిగా దిగలేదు.

మంగళవారం మిగిలింది. శుక్రవారం మిగిలింది. మళ్ళీ మంగళవారం. ఆఫీసరు వదిలేసరికి ఆసుపత్రిలో ఆవిడ వంతు దాటిపోయేది. నాలుగు గంటలు కడగాల్సిన రక్తం గంటన్నరే కడిగారు. నాలుగోసారి గేటు అసలు తెరుచుకోనే లేదు. వచ్చిన పడవలోనే వెనక్కి తెచ్చేశాను.

ఊళ్ళో చూపులు మారాయి. మా ఎదురింటి కోడలు పేరంటాలు తాకిన బిందెను రెండుసార్లు తోమడం నేను కళ్ళారా చూశాను. నీటిలోంచి వచ్చింది కనుకనే కాళ్ళకి నీరు పట్టిందట. ఆ మాట పుట్టించింది ఎవరో గానీ, దానికి విత్తనం వేసింది నేను.

ఆ పై పొద్దున్న పేరంటాలు అరుగు మీద కూర్చుని పాదాలు నొక్కుకుంటోంది. వేలు పెట్టి నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోతోంది. నేను కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాను. నలభై ఆరేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. ఆవిడ అడుగులు పడ్డ చోటు తడిగా ఉందేమోనని చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. చూశాను.

"ఏటి చూస్తున్నారు?" అంది.

"ఏం లేదు. చీమలు."

"మీరు కూడానా?" అంది నా ముఖంలోకి చూసి. పాదాలు చీర అంచు కిందికి లాక్కుంది. "మీ కథలోవాడికి అడగ్గానే చుట్టయినా ఇచ్చారు. ఆ గేటు లోపల మూడు గంటలు ఎండలో కూర్చుంటే నన్ను నీడకి రమ్మన్నోళ్ళు లేరండీ" అంది.

కాఫీ తాగలేకపోయాను. తిన్నగా పాకకి పోయాను.

*

"నేను చెప్పింది అబద్ధం బాబూ. ఆ చుట్టవాడు లేడు, నీరూరలేదు, ఏమీ లేదు" అన్నాను గుమ్మంలోంచే.

"నాకు తెలుసు తాతగారూ" అన్నాడు భార్గవ. అతనూ నిద్రలేనట్టే ఉన్నాడు. "కానీ లెక్క అబద్ధం కాదు. నూకరత్నం ఒక పిలుపు మింగేస్తోందని మా పై ఆఫీసు అనుమానం. ఎవరినో దాచి దాటిస్తోందట. ఈ వారంలో ఆవిడ పర్మిట్ తీసేస్తారు."

"మీ అనుమానం?"

అతను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. అంటే అతనికీ ఉంది. అతను ఆవిణ్ణి అనుమానిస్తున్నాడు, ఆవిడ యంత్రాన్ని, ఊరు నా భార్యను, నేను... సరే, అది చెప్పేశానుగా.

"ఆ గోతాలు ఒకసారి విప్పి చూపించండి" అన్నాను.

"సంఖ్యల గోతం మొత్తం మాత్రమే దాస్తుంది. ఏ పూటకాపూట పంతొమ్మిది, పంతొమ్మిది, పంతొమ్మిది. చూడ్డానికేమీ లేదు."

"మిగతావి?"

"మాటల గోతమా? అందులో అంతా చెత్త తాతగారూ. దగ్గులు, తిట్లు, కబుర్లు. ఎవరూ చదవరు."

"నాకు పనేముంది? ఇవ్వండి."

పొడుగాటి కాగితం బయటికి వచ్చింది. భార్గవలా ఒక్క చూపులో పేజీ చదివేసే చదువు నాది కాదు. నేను వేలు కింద పెట్టి, ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ చదువుతాను. అలాగే మొదలుపెట్టాను.

"లాభం. జరగండమ్మా. ఆ బుట్ట కిందెట్టు. నీ అమ్మ కడుపు మాడ, నా కాలు తొక్కేవు. చేపలు తాజాయేనా. మళ్ళీ లాభం. పిల్లోణ్ణి ఎత్తుకో. లాభం. ఎండ మండిపోతాంది..."

ఆగాను. మళ్ళీ పైకి వెళ్ళాను. పడవ బయల్దేరిన ప్రతి పూటా, చెత్తకి మొదట్లో, ఆ ఒక్క మాట ఉంది.

"ఇదేటి బాబూ, మా ఒకటిని తెచ్చి చెత్తలో పడేశారు?" అన్నాను.

మా వైపు వడ్లు కొలిచినా, కొబ్బరికాయలు ఎంచినా, మనుషుల్ని పడవెక్కించినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. వడ్లు కొలిచేవాళ్ళు ఏడునీ వేరేగా అంటారు గానీ మా రేవులో ఆ పట్టింపు లేదు. నది దాటేటప్పుడు మొదటి మనిషిని ఒంటరి చేసి పిలవకూడదని నూకరత్నం తాత అనేవాడు. అతని తాత కూడా అనే ఉంటాడు.

భార్గవ కాగితం లాక్కున్నాడు. చదివాడు. కూర్చున్నాడు.

"నేను రోజూ అక్కడే నిలబడి వింటున్నాను తాతగారూ" అన్నాడు. "మా అమ్మమ్మా బియ్యం అలాగే కొలిచేది. ఆవిడ లాభం అంటే నా చెవిలో ఒకటి అనే పడింది. పరిశోధనశాలలో పరీక్ష చేసినప్పుడు మాత్రం నేను ఒకటి, రెండు అనే చదివాను."

ఊరంతటికీ చెవులున్నాయి. అందరికీ అది ఒకటిలాగే వినపడింది. పాకలో ఇత్తడి చెవి ఒక్కదానికే అన్న మాట అన్నట్టు వినపడింది. అందుకే అందరం మిగతా అందర్నీ అనుమానించాం.

"అయితే మార్చెయ్యండి."

"మార్చడం నిమిషం పని. 'లాభం' అన్న మాటకి కూడా ఒకటి కలుపు అని రాస్తే చాలు." రాశాడు కూడా, నా ఎదురుగానే. కానీ లేవలేదు. "ఈ యంత్రం పదకొండు రేవుల్లో ఉంది. దిగువన ఇద్దరు సరంగులకి పర్మిట్లు పోయాయి. మనుషుల్ని దాచి దాటిస్తున్నారని రిపోర్టు రాసింది నేనే. వాళ్ళు ఒట్లు పెట్టుకుంటుంటే నేను నవ్వాను."

"అది మీరు తర్వాత చూసుకోండి. మా ఆవిడ పేరు ముందు వెనక్కి తెండి."

"అది నా చేతిలో లేదు. పై ఆఫీసు వాళ్ళే మార్చాలి. వారం పడుతుంది."

"వారం!" అన్నాను. పొద్దున్న గుంట పడిన పాదం కళ్ళ ముందుంది. ఆవిడ రక్తం సరిగ్గా కడిగి అప్పటికి పదిహేను రోజులు. "ఆవిడకి వారం లేదు బాబూ."

*

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం. నూకరత్నం పేరంటాలు భుజం పట్టి మొదట ఎక్కించి, "లాభం" అని ఎప్పటికంటే గట్టిగా అంది. పాకలో తెర మీద ఒకటి అని వెలిగింది. చివరికి ఇరవై వెలిగింది. భార్గవ, నేను, అందరం కలిపి ఇరవై.

"ఇన్నాళ్ళూ నన్ను దొంగను చేశారు కదండీ బాబూ" అంది నూకరత్నం ఇంజను తిప్పుతూ. భార్గవ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

నడి ఏట్లోకి వచ్చాక నేను అతని పక్కకి జరిగాను. "మీ పలకలకి తెలిసేది అడుగులే కదా?"

"అవును."

"అడుగు పడకపోతే?"

అతను నా వైపు చూశాడు. తర్వాత పేరంటాలు వైపు చూశాడు. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"పంతొమ్మిది జతల అడుగులే పడితే, ఎక్కినవాళ్ళలో ఒకరు నీళ్ళలో పోయారనుకుంటుంది. సైరన్ వేస్తుంది. నాలుగు రేవుల్లోంచి గాలింపు పడవలు వస్తాయి. పై ఆఫీసుకి ఫోను పోతుంది. దానికి నేను జవాబు చెప్పుకోవాలి."

"చెప్పగలరా?"

అతను చెప్పులు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. ప్యాంటు మడిచాడు. అదే జవాబు.

అవతల జనం అలవాటు కొద్దీ తోసుకుంటూ దిగిపోయారు. నేను దిగాను. గేటు తెరిచే ఉంది. భార్గవ పడవలో వంగి, "ఎక్కండి మామ్మగారూ" అన్నాడు.

"అయ్యో, బరువయ్యా నేను! నీరంతా ఒంట్లోనే ఉంది" అంది పేరంటాలు.

"పట్టుకోండి, గట్టిగా."

మెట్టు మీద అతని కాలు ఒకసారి జారింది. నూకరత్నం వెనక నుంచి గెడ అడ్డం పెట్టింది. పలక మీద భార్గవ పేరు వెలిగింది, అంతే. ఆవిణ్ణి గేటు దాటించి, ఆటోలో కూర్చోబెట్టి, రొప్పుతూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. గేటు పైన తెర మీద ఎక్కినవారు ఇరవై, దిగినవారు పంతొమ్మిది. ఆ రెండు అంకెలూ ఎర్రబడ్డాయి.

అతని జేబులో ఫోను మోగింది.

"చెప్పండి మేడమ్... లేదు, ఎవరూ మునగలేదు. యంత్రంలో లోపం కాదు మేడమ్, మనలోనే. పదకొండు రేవుల్లో, రోజూ, మొదట ఎక్కిన మనిషిని మనం మనిషిగా తీసుకోలేదు. ఆ ఇద్దరు సరంగుల మీద నేను రాసింది తప్పు... అవును, రాసిస్తాను. సంతకం పెట్టే ఇస్తాను." అవతల ఏమన్నారో వినపడలేదు. అతని ముఖం మాత్రం పాలిపోయింది. నన్ను వెళ్ళమని చేత్తో సైగ చేశాడు.

ఆటో సందు తిరుగుతుంటే సైరన్ మొదలైంది.

ఆసుపత్రిలో మంచం కిటికీ పక్కనే. పేరంటాలు చేతికి సూదులు పెట్టారు. ఎర్రటి గొట్టం తిరగడం మొదలైంది. కాసేపటికి ఆవిడ ముఖంలో కాస్త తేట కనపడింది. కిటికీలోంచి నది కనిపిస్తోంది. ఏడెనిమిది పడవలు, కొక్కేలు, వలలు. ఇన్నాళ్ళూ ఆవిడ లేనే లేదన్న యంత్రం ఇప్పుడు ఆవిణ్ణి వెతకడానికి నదంతా గాలిస్తోంది.

"సైరనేనా అది? పాపం, ఎవరో పోయినట్టున్నారు" అంది పేరంటాలు. "ఎవరండీ?"

"నువ్వేనే" అన్నాను.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. పై నుంచి కింది దాకా చూసింది.

"ఇంత జరిగినా మీ కోతలు మానరు కదా" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

స్టూలు దగ్గరికి లాక్కుని, ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు గంటలూ పూర్తిగా కడిగారు. నది మీద సైరన్ మోగుతూనే ఉంది.